పైన మంచు, కింద నీరు: గ్రనాడా నుంచి పహారెస్ కనుమ దాకా

స్పెయిన్ దక్షిణ తీరంలో మోత్రిల్, అల్మున్యేకార్ పట్టణాల చుట్టుపక్కల లోయల్లో మామిడి, అవకాడో తోటలతో పాటు సీతాఫలానికి దగ్గరి చుట్టమైన చిరిమోయా కూడా విరివిగా పండుతుంది. ఆ తోటలను దాటి ఉత్తరాన గ్రనాడా నగరం వైపు సాగే రహదారిలో గంటసేపు వెళ్లేసరికి, 3,479 మీటర్ల ఎత్తున్న ములాసేన్ శిఖరమూ దాని పొరుగున ఉన్న వెలేతా శిఖరమూ శీతాకాలమంతా తెల్లగా కనిపిస్తూనే ఉంటాయి. తోటలూ శిఖరాలూ ఒకే జిల్లాలోవి. సముద్రమట్టం నుంచి ఇంత తక్కువ దూరంలో ఇంత ఎత్తుకు లేచే నేల ఉన్న దేశంలో మంచును గురించిన మాట ఏదైనా చివరకు ఎత్తు దగ్గరికే చేరుతుంది. మంచు పడుతున్నదా అని అడగడంతో అక్కడివారి సంభాషణ పూర్తి కాదు. ఎన్ని మీటర్ల పైన పడుతున్నది, పడినది నేల మీద నిలుస్తున్నదా, కనుమ తెరిచే ఉన్నదా అన్న ప్రశ్నలు వెంటనే వస్తాయి. గ్రనాడా నుంచి మాడ్రిడ్, కాస్తీల్ పీఠభూమి, లియోన్ కొండల మీదుగా ఆస్తూరియాస్ చేరే దారి ఈ ప్రశ్నలను ఒక్కొక్కటిగా యాత్రికుడి ముందుకు తెస్తుంది.

స్పానిష్ భాషలో మంచు పేరు నియేవే, మంచు కురవడాన్ని చెప్పే క్రియ నెవార్. నియేవా అంటే మంచు కురుస్తుంది, ఎస్తా నెవాందో అంటే ఇప్పుడు కురుస్తోంది, ఆ నెవాదో అంటే కురిసింది, వా ఆ నెవార్ అంటే కురవబోతోంది. ఈ వాక్యాల్లో కర్త ఉండదు. తెలుగులో వాన పడాలన్నా మంచు కురవాలన్నా వాన, మంచు అన్న మాట పలకక తప్పదు గాని, స్పానిష్‌లో ఒంటరి క్రియే వాక్యమై నిలుస్తుంది. ధాతువులోని ఎకారం మీద ఊనిక పడినప్పుడు అది ఇయే అవుతుంది కాబట్టి నెవార్ నుంచి నేవా కాక నియేవా వస్తుంది, కొత్తగా నేర్చుకునేవారు తరచు తడబడేది ఇక్కడే. ఇంకొక చిక్కు చెవికి సంబంధించినది: స్పానిష్‌లో బకారానికీ వకారానికీ ఉచ్చారణలో భేదం లేదు కనుక మంచు అనే నియేవేకూ పొగమంచు అనే నియేబ్లాకూ మధ్య దూరం కాగితం మీద కనిపించేదానికన్నా తక్కువగా వినిపిస్తుంది. ధనుర్మాసంలో గడ్డి మీద మెరిసే బిందువులనూ, లంబసింగి కొండల్ని తెల్లవారుజామున కమ్మే తెరనూ, హిమాలయాల మీద పేరుకునే రాశినీ మంచు అన్న ఒక్క మాటతోనే పిలిచే తెలుగు పాఠకుడు, ఈ వ్యాసంలో ఆ మాటను ఆకాశం నుంచి రేకులుగా రాలే ఘనరూపానికి మాత్రమే పరిమితం చేసుకోవలసి ఉంటుంది. ఆ రేకును స్పానిష్‌లో కోపో అంటారు.

గ్రనాడాలో మంచు ఒకప్పుడు అమ్మకపు సరుకు. నెవేరోలు అనే కూలీలు వేసవి సాయంకాలాల్లో కంచరగాడిదలను తోలుకొని ఆ శిఖరాలున్న సియెర్రా నెవాడా పర్వతశ్రేణి పైకి ఎక్కి, నీడపట్టున కరగకుండా మిగిలిన మంచును గంపలకెత్తుకొని, ఎండ ముదరకముందే ఊళ్లోకి చేరేటట్టు రాత్రిపూట దిగి వచ్చేవారు. వారు నడిచిన బాటకు నేటికీ నెవేరోల దారి అనే పేరు. కృత్రిమంగా గడ్డకట్టించే యంత్రాలు వచ్చాక 20వ శతాబ్దపు తొలి దశకాల్లో ఆ వృత్తి అంతరించింది. మాడ్రిడ్‌లో 17వ శతాబ్దం నాటికే ఈ వ్యాపారానికి రాజాజ్ఞతో గుత్తాధికారం ఏర్పడింది, గ్వాదర్రామా కొండల నుంచి తెచ్చిన మంచును నగరపు ఉత్తరపు అంచున లోతైన గుంతల్లో పొరలుపొరలుగా తొక్కి గడ్డిపరకలు పరిచి నిల్వ చేసేవారు, ఆ గుంతల పక్కనున్న నగరద్వారాన్ని బావుల ద్వారమనే పిలిచేవారు. అటువంటి నిల్వచోటుకు ఉన్న నెవేరా అన్న పేరే స్పెయిన్ వంటిళ్లలో ఫ్రిజ్‌కు దక్కింది.

సియెర్రా నెవాడాలోనే 1,476 మీటర్ల ఎత్తున త్రెవేలెస్ అనే గ్రామం ఉంది, అక్కడి చల్లని పొడిగాలికి ఆరబెట్టిన పందితొడ మాంసానికి దేశమంతటా గిరాకీ. ఏటా ఆగస్టు 5న ఆ ఊరివారు మంచుల మాత పేరిట ములాసేన్ శిఖరానికి యాత్ర చేస్తారు. రోమ్ నగరంలో నడివేసవిలో ఒక గుట్ట మీద మంచు కురిసి గుడి కట్టవలసిన చోటును చూపిందన్న ఐతిహ్యం ఆ పండుగకు మూలం. నియేవెస్ అన్నది స్పెయిన్‌లో ఆడపిల్లలకు పెట్టే పేరు కూడా, మన హిమబిందులకూ హిమజలకూ అది దూరపు తోబుట్టువు. వ్యత్యాసమల్లా స్పెయిన్‌లో ఆ పేరు వెనక కవిసమయం కాక ఒక పండుగ తేదీ ఉండటమే.

గ్రనాడా వదిలి ఉత్తరానికి బయలుదేరిన యాత్రికుడికి వార్తల్లో మొదట ఎదురయ్యే పదం కోతా దే నియేవే. కోతా అంటే పటం మీద గుర్తించిన ఎత్తు. ఎంత ఎత్తుకు పైన వర్షం మంచుగా పడుతుందో ఆ గీతను కోతా దే నియేవే అంటారు. ఎమెట్ అనే సంక్షిప్తనామంతో వ్యవహరించే స్పెయిన్ ప్రభుత్వ వాతావరణ సంస్థ తన సూచనల్లో ఈ గీత 1,200 మీటర్ల దగ్గర మొదలై రాత్రికి 700 మీటర్లకు దిగుతుందన్న తరహాలో చెబుతుంది. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే గాలి ఉష్ణోగ్రత సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. రేకులు సున్నా డిగ్రీల ఎత్తును దాటి కిందికి వచ్చాక కూడా పూర్తిగా కరగడానికి కొంత వ్యవధి పడుతుంది కాబట్టి మంచు గీత ఆ ఎత్తుకన్నా రెండు మూడు వందల మీటర్లు దిగువన ఉంటుంది. వాన ఉద్ధృతంగా కురిస్తే కరిగే రేకులు చుట్టూ ఉన్న వేడిని పీల్చుకోవడం వల్ల గీత ఇంకా కిందికి జారుతుంది. మాడ్రిడ్ నగరం 650 మీటర్ల ఎత్తులోనూ దాని ఉత్తరాన ఉన్న నవసెర్రాదా కనుమ దాదాపు 1,860 మీటర్ల ఎత్తులోనూ ఉండటం వల్ల, మంచు గీత అంకె విన్న మాడ్రిడ్ వాసి వెంటనే తన ఇల్లూ, తన తల్లిదండ్రుల పల్లే, తాను దాటవలసిన కనుమా గీతకు ఏ వైపున పడతాయో లెక్క వేసుకుంటాడు.

అంకెలు రాకముందు ఈ లెక్కను సామెతలు మోశాయి. పోర్ లోస్ సాంతోస్ నియేవే ఎన్ లోస్ ఆల్తోస్, పోర్ సాన్ అంద్రేస్ నియేవే ఎన్ లోస్ పియేస్ అనేది పల్లెల్లో వినిపించే నానుడి. సకల పునీతుల పండుగ వచ్చే నవంబరు 1 నాటికి మంచు గుట్టల పైన ఉంటుందనీ, సెయింట్ ఆండ్రూ పండుగ వచ్చే నవంబరు 30 నాటికి అది పాదాల దగ్గరికి దిగుతుందనీ దాని అర్థం. గీత ఏడాదిలో ఎటు కదులుతుందో ఇంతకన్నా క్లుప్తంగా ఏ పాఠ్యపుస్తకమూ చెప్పలేదు.

మాడ్రిడ్ నుంచి గ్వాదర్రామా కొండలకు వెళ్లేవారిలో చాలామంది 1923లో మొదలైన సన్నపట్టాల రైలులో సెర్సెదీయా ఊరి నుంచి నవసెర్రాదా కనుమకు ఎక్కుతారు. ఆదివారాల్లో పిల్లల చేతుల్లో ప్లాస్టిక్ జారుడుబల్లలు, పెద్దల నోట ఒకే ప్రశ్న: క్వాహా? క్వాహార్ అనే క్రియకు మూలార్థం పాలు విరిగి లేదా తోడుకొని గట్టిపడటం, జున్ను చేసేచోటా గుడ్డు అట్టు వేసేచోటా ఈ మాటే వాడతారు. కురిసిన మంచు నేలను తాకగానే కరగకుండా పొరగా నిలిస్తే అది క్వాహా, నిలవకపోతే నో క్వాహా. గిన్నెలో పెరుగు తోడుకుందా లేదా అని మూత తీసి చూసే ఇల్లాలి చూపులో ఉండే పరీక్షే ఈ ప్రశ్నలోనూ ఉంది. కనుమ దగ్గరి కాఫీ హోటల్లో కింది ఊరి నుంచి వచ్చిన డ్రైవరు పైన నిలుస్తోందా అని అడిగితే, గల్లా వెనకనున్న మనిషి పైన నిలుస్తోంది, కింద నీళ్లే అని రెండు ముక్కల్లో తేల్చేస్తాడు. మంచు పడటం అందరికీ కనిపించే విషయమే గనుక దాని గురించి చెప్పుకునేదేమీ లేదు. మనుషుల పనులను తారుమారు చేసేది నిలవడమే.

2021 జనవరిలో మాడ్రిడ్‌లో మంచు నిలిచింది. ఫిలోమెనా అని పేరు పెట్టిన తుపాను జనవరి 8, 9 తేదీల్లో నగరం మీద కురిపించిన మంచు కొన్నిచోట్ల అర మీటరు మందాన్ని మించింది. 1971 తర్వాత ఆ నగరం అంత మంచు చూడలేదు. బరాహాస్ విమానాశ్రయం మూతపడింది, చుట్టు రహదారుల మీద వందలాది వాహనదారులు రాత్రంతా కార్లలోనే చిక్కుకుపోగా సైన్యంలోని అత్యవసర విభాగం వారిని బయటికి తీసింది, గ్రాన్ వీయా వీధిలో కొందరు స్కీలు కట్టుకొని జారారు. పారలు లేని ఇళ్లవారు చెత్త ఎత్తే చేటలతో గుమ్మాలు శుభ్రం చేసుకున్నారు. రెండు రోజుల సంబరం తరువాత చలి ముదిరి ఆ పొర గాజులా గట్టిపడినప్పుడు జనం నోట నియేవే తగ్గి, గడ్డకట్టిన నీటిని చెప్పే యేలో అన్న మాట పెరిగింది, ఆసుపత్రులకు ఎముకలు విరిగినవారి రాక ఎక్కువైంది. మాడ్రిడ్‌లో స్థిరపడిన ఈక్వెడార్, కొలంబియా, డొమినికన్ రిపబ్లిక్ వాసులకు స్పానిష్ మాతృభాషే అయినా వారిలో ఎందరికో వీధిలో మంచు కొత్త. ఆండీస్ దేశాల్లో నెవాదో అంటే ఎన్నడూ కరగని మంచు మోసే శిఖరం, కొలంబియాలోని నెవాదో దెల్ రూయిస్ వంటిది. ఇంకా దక్షిణాన చిలీ, అర్జెంటీనాల మధ్య కనుమల్లో మంచు జులైలో పడుతుంది, ఎదుటి మనిషి కనిపించకుండా గాలి మంచును రేపే స్థితిని అక్కడివారు తెల్లగాలి అంటారు. భాష ఒకటే అయినా జనవరి చలి అన్న పదబంధానికి సాంతియాగోలో అర్థం లేదు.

కనుమ ప్రశ్నకు జవాబు రంగుల్లో వస్తుంది. పుయెర్తో అన్న మాటకు ఓడరేవు అనే అర్థంతో పాటు కొండ దాటే కనుమ అనే అర్థం కూడా ఉంది, శీతాకాలపు వార్తల్లో వినిపించేది రెండోదే. స్పెయిన్ రహదారి రవాణా శాఖ మంచు పడిన దారులను నాలుగు స్థాయిలుగా విభజిస్తుంది. ఆకుపచ్చ అంటే మంచు మొదలైందనీ లారీలు ఇతర వాహనాలను దాటి వెళ్లకూడదనీ. పసుపు అంటే లారీలు ఆగిపోవాలి, కార్లు గంటకు 60 కిలోమీటర్లకు మించకూడదు. ఎరుపు అంటే చక్రాలకు గొలుసులు గాని శీతాకాలపు టైర్లు గాని లేనిదే కారు కదలకూడదు. నలుపు అంటే దారి మూత. ఇంతవరకు చిక్కులేదు. అయితే వాతావరణ సంస్థ హెచ్చరికలకు పసుపు, నారింజ, ఎరుపు అనే వేరొక వరుస ఉంది, అందులో ఎరుపు అంటే అత్యంత ప్రమాదకరమైన స్థితి. ఒకే సాయంత్రం ఒకే రేడియోలో రెండు ఎరుపులు వినిపించినప్పుడు ఒకటి ఇల్లు కదలవద్దని చెబుతున్నదనీ, రెండోది గొలుసులుంటే నెమ్మదిగా వెళ్లవచ్చునని చెబుతున్నదనీ పరదేశి గ్రహించడం కష్టమే. ఈ రెండు వరుసలకూ ఒకే రంగులు ఎంచుకోవడం తెలివైన పనిగా తోచదు. గొలుసులను కదేనాస్ అంటారు. వాటిని కొనడం సులువు, చీకట్లో మోకాళ్ల మీద కూర్చొని, మొద్దుబారిన వేళ్లతో టైరు లోపలి వైపు కొక్కేన్ని వెతికి తగిలించడం వేరే విద్య, అందుకే అనుభవజ్ఞులు ఇంటి ముందు పొడి నేల మీద ఒకసారి అమర్చి చూసుకొమ్మని చెబుతారు.

గ్వాదర్రామా సొరంగం దాటిన తరువాత వచ్చే కాస్తీల్ పీఠభూమి చదునుగా, గాలికి అడ్డు లేకుండా ఉంటుంది, అందువల్ల అక్కడి మాటల్లో గాలికి చోటెక్కువ. సన్నగా రాలి ఆగిపోయే మంచు నెవీస్కా. వానతో కలిసి పడేది అగ్వానియేవే. అదే బలమైన గాలితో ముఖానికి కొడితే సెయీస్కా. నేల మీద పడిన పొడిమంచును గాలి లేపి దారిని మూసేస్తే వెంతిస్కా. దువేరో నది పరీవాహకంలో వయాదొలిద్, పలెన్సియా చుట్టుపక్కల రోజుల తరబడి కదలని పొగమంచు, గడ్డకట్టే చలిలో ప్రతి కొమ్మ మీదా ప్రతి తీగ మీదా తెల్లటి ముళ్లుగా పేరుకోవడాన్ని సెన్సెయాదా అంటారు, ఒక్క రేకు కూడా రాలకుండానే ఊరు మంచు కురిసినట్టు కనిపించే ఈ స్థితిని కొత్తవారు మంచు అనుకోవడం మామూలు. కురవబోయే ముందు ఆకాశం ముద్దగా బూడిదరంగులోకి దిగితే దాన్ని గాడిద పొట్ట రంగు ఆకాశం అని వర్ణిస్తారు, గాలిని ముక్కుతో పీల్చి మంచు వాసన వేస్తోందనే వృద్ధులు పీఠభూమి ఊళ్లలో ఇంకా ఉన్నారు.

ఈ దారికి తూర్పున తెరువేల్, కలమోచా, మొలీనా దె అరగోన్ ఊళ్ల మధ్య ప్రాంతాన్ని మంచుగడ్డ త్రికోణం అంటారు. ఫిలోమెనా కురిసి వెళ్లిన తరువాత 2021 జనవరి 12న అక్కడి బేయో గ్రామంలో ఉష్ణోగ్రత మైనస్ 25.4 డిగ్రీలకు పడింది. తెలుగులో ఎముకలు కొరికే చలి అయినది అక్కడ తోలు ఒలిచే చలి. అయినా ఆ స్థాయి చలి వేళ మంచు సాధారణంగా కురవదు. మేఘాలు లేని నిర్మలాకాశం కింద, ముందే తెల్లబడిన నేల రాత్రంతా వేడిని కోల్పోవడం వల్లనే ఉష్ణోగ్రత అంతగా పడిపోతుంది, భారీగా కురిసే మంచుకు మేఘమూ తేమా సున్నాకు దగ్గరి వెచ్చదనమూ కావాలి. మంచు పడలేనంత చలిగా ఉందనే పల్లెవాసి మాటలో ఉన్న నిజం ఇంతవరకే. ఆన్యో దే నియేవెస్, ఆన్యో దే బియేనెస్, అంటే మంచుల ఏడు సిరుల ఏడు, అన్న సామెతలో మాత్రం రైతు లెక్క నిక్కచ్చిగా ఉంది: మంచుపొర కింద గోధుమ మొలక పైనున్న గడ్డకట్టే గాలి నుంచి తప్పించుకుంటుంది, వసంతంలో నెమ్మదిగా కరిగే నీరు పారిపోకుండా నేలలోకి ఇంకుతుంది, మిగిలినది జలాశయాలకు చేరుతుంది. మాడ్రిడ్‌లో నష్టంగా లెక్కించిన మంచునే పీఠభూమి రైతు నిల్వగా లెక్కించడానికి కారణం ఇదే.

లియోన్ నగరం దాటి ఉత్తరాన కాంతాబ్రియా పర్వతాలు మొదలయ్యే చోట మంచు మాటలు పనిముట్ల వైపు తిరుగుతాయి. ఎస్పలార్ అంటే పారతో మంచును తోసి దారి చేయడం. ఊరంతా కలిసి వెట్టిగా కాక వంతుగా చేసే ఉమ్మడి పనిని లియోన్‌లో ఫసెందేరా అంటారు. కాలువల పూడిక తీయడం, బాటలు బాగుచేయడంతో పాటు మంచును ఎస్పలార్ చేయడమూ అందులో భాగం, గంట మోగితే ఇంటికొకరు పారతో రావలసిందే. బురదలో తిరగడానికి వాడే మద్రేన్యాలనే చెక్క పాదరక్షల కింద లోతు మంచులో బరహోన్ అనే కొయ్యచట్టం కట్టుకునేవారు, కాలు కూరుకుపోకుండా బరువు పరుచుకునేటందుకు. పెద్దపెద్ద రేకులుగా పడే మంచును త్రాపో, అంటే గుడ్డపీలిక, అనడం కూడా ఉంది. నేడు ఆ పనుల్లో చాలావాటిని కితానియేవెస్ అనే మంచు తోసే వాహనం చేస్తోంది, ఊళ్లలో మనుషులూ తగ్గిపోయారు. యువకులు లేని పల్లెలో ఇంటికొకరు అన్న నియమానికి అర్థమేమిటన్నది ఆ కొండల్లో మంచును మించిన సమస్య.

పహారెస్ కనుమ ఎత్తు 1,378 మీటర్లు. దానికి కాస్త దిగువన అర్బాస్ అనే చోట 12వ శతాబ్దపు దేవాలయం ఉంది, కొండ దాటే బాటసారులకూ యాత్రికులకూ ఆశ్రయమిచ్చిన సత్రం దాన్ని ఆనుకొని ఉండేది. అటువంటి సత్రాలు కనుమల దగ్గరే వెలియడం దైవభక్తికి ఎంత గుర్తో వెంతిస్కాకు భయపడటానికీ అంతే గుర్తు. 1884లో 12వ అల్ఫోన్సో రాజు ప్రారంభించిన రైలుమార్గం ఈ కొండను మెలికల మీద దిగేది, 2023 నవంబరు చివర 24 కిలోమీటర్లకు పైబడిన సొరంగం తెరుచుకున్నాక వేగపు రైళ్లు కొండ కిందుగానే వెళ్తున్నాయి. లియోన్ వైపు తెల్లటి పొలాలు చూస్తూ సొరంగంలోకి వెళ్లిన ప్రయాణికుడు ఆస్తూరియాస్ వైపు పచ్చిక మీద వాన చూస్తూ బయటికి వస్తాడు. ఇక్కడి ఆస్తూరియన్ భాషలో నియేవే కాస్తా న్యేవే అవుతుంది, తూర్పున బాస్క్ సీమలో ఎలుర్, కాటలోనియాలో నేవ్, పడమట గలీసియాలో నేవె.

రైలు ప్రయాణికులకు కనుమ చింత తీరినా సరుకు మాత్రం ఇప్పటికీ ఎక్కువగా రోడ్డు మీదే నడుస్తుంది. మంచు గీత వెయ్యి మీటర్లకు దిగుతుందని సూచన రాగానే లియోన్ వైపు రహదారి పక్క మైదానాల్లో లారీలను వరుసగా ఆపేస్తారు, ఈ ఆపడానికి ఎంబోల్సార్, అంటే సంచిలో వేయడం, అనే మాట వార్తల్లో స్థిరపడింది. తోలుకోట్లు కప్పుకొని క్యాబిన్ల మధ్య గుంపులుగా నిలబడే డ్రైవర్లకు తెలుపు ఎంత అందంగా ఉందన్నది విషయం కాదు. స్థాయి నలుపు నుంచి ఎరుపుకు మారితే గొలుసులున్న కార్లు ముందు కదులుతాయి, పసుపుకు మారితే మిగతా కార్లూ వెళ్తాయి. ఆకుపచ్చ వస్తే గాని లారీకి దారి లేదు.